మంట ఒక చివర, తడిగుడ్డ ఇంకో చివర

జనవరిలో మా ఇంట్లో టీకప్పు మీద అరగంటకు పైగా తిరిగిన ఇంజను మే నెలలో పది నిమిషాలకే ఆగిపోయింది. కప్పు అదే. అందులో పోసిన మరుగునీళ్ళూ అన్నే. ఎక్కడైనా పట్టేసిందేమోనని చక్రాన్ని వేలితో కదిపాను. అడ్డేమీ లేకుండా తిరిగింది. నీళ్ళు చల్లారిపోయాయేమోనని కప్పులో వేలు ముంచబోయి చటుక్కున వెనక్కి లాక్కున్నాను. వేలు కాలేంత వేడి ఇంకా అందులో ఉంది. గోడకున్న థర్మామీటరు మాత్రం 42 డిగ్రీలు చూపిస్తోంది. విజయవాడలో అదేమంత వార్త కాదు గానీ, ఆ బుల్లి ఇంజనుకు అది ప్రాణాల మీదికి వచ్చిన సంగతి.

ఆ ఇంజనులో ఉన్నది చాలా తక్కువ. కింద ఒక అల్యూమినియం పలక, పైన ఇంకో పలక, మధ్య అక్రిలిక్ గోడల లోపల బంధించిన గాలి. కింది పలక కప్పు నుంచి వేడి తీసుకుంటుంది, పై పలక దాన్ని గదిలోకి వదిలేస్తుంది. పై పలక ఎప్పుడూ గదికన్నా ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువలోనే ఉంటుంది. అంటే జనవరి సాయంత్రం ముప్ఫై దగ్గర, మే మధ్యాహ్నం యాభై దగ్గర. నా చేతిపని అంత నాజూకైంది కాదు, రెండు పలకల మధ్య 20 డిగ్రీలైనా తేడా లేకపోతే అది తిరగదు. జనవరిలో కప్పు 50కి దిగేదాకా ఆ తేడా ఉంది. మేలో 70 దగ్గరే అయిపోయింది.

వేడిగాలి ఇంజన్లు చేసే సరదా పట్టినవాళ్ళందరూ మొదట మంట గురించే ఆలోచిస్తారు. స్పిరిటు దీపమా, కొవ్వొత్తా, గ్యాసు బర్నరా అని. నేనూ అంతే. రెండో చివర ఒకటుందని ఒంటబట్టడానికి నాకు మూడు ఇంజన్లు, ఒక పగిలిన టెస్ట్ ట్యూబు, ఒక ఎండాకాలం పట్టాయి.

అన్నిటికన్నా తేలిగ్గా చేయదగ్గది గోలీల ఇంజను. దీనికి లేత్ పని అక్కర్లేదు. ఒక లావుపాటి టెస్ట్ ట్యూబు, అందులో వదులుగా దొర్లే నాలుగైదు గాజు గోలీలు, రబ్బరు బిరడా, సన్నటి రబ్బరు గొట్టం, ఒక గాజు సిరంజి ఉంటే చాలు. ప్లాస్టిక్ సిరంజి పనికిరాదు. దాని లోపలి రబ్బరు బిగువును గెలవడానికే ఇంజను శక్తంతా సరిపోతుంది. పూర్వం కాంపౌండర్లు నీళ్ళలో మరిగించి మళ్ళీ మళ్ళీ వాడిన గాజు సిరంజి ఉండేది చూశారూ, అది కావాలి. దాన్ని నిలబెట్టి, పిస్టన్ పైకి లాగి, మూతి వేలితో మూసి వదిలితే పిస్టన్ గాలిదిండు మీద కూచున్నట్టు ఆగాలి. వేలు తీస్తే తన బరువుకే జారిపోవాలి. నూనె చుక్క కూడా వేయకూడదు. వేస్తే జిగురులా పట్టుకుంటుంది.

ట్యూబును నడుమ దగ్గర ఒక ఇరుసు మీద త్రాసు కాడలా ఒరిగేట్టు కూర్చాలి. మూసి ఉన్న చివర కింద స్పిరిటు దీపం. బిరడా ఉన్న చివర కింద సిరంజి. దాని పిస్టన్ లేచినప్పుడు ట్యూబు ఆ చివర ఎత్తుగా లేవాలి. ట్యూబులోని గాలి బిరడాలోంచి రబ్బరు గొట్టం ద్వారా సిరంజిలోకి కలుస్తుంది. ఇక బయటి గాలితో దానికి సంబంధం లేదు.

గోలీలు బిరడా వైపు పడి ఉన్నాయనుకోండి. గాలిలో ఎక్కువ భాగం దీపం వైపు చేరి, వేడెక్కి, వ్యాకోచించి పిస్టన్‌ను పైకి తోస్తుంది. బిరడా చివర లేస్తుంది. లేవగానే గోలీలు గలగలా మంట వైపుకు దొర్లుతాయి. వాటికి చోటివ్వక తప్పదు కాబట్టి వేడిగాలి సందుల్లోంచి బిరడా వైపు తప్పుకుంటుంది. అక్కడ చల్లబడి ముడుచుకుంటుంది. పిస్టన్ దిగుతుంది, బిరడా చివర వాలుతుంది, గోలీలు మళ్ళీ ఇటు దొర్లుతాయి. చక్రం లేదు, వాల్వు లేదు. టక్, గలగల, టక్. అది మొదటిసారి నడిచిన రోజు మా మేనల్లుడు అన్నానికి పిలిచినా లేవలేదు.

గోలీలు స్వయంగా ఏ పనీ చేయవు. గాలిని మంట దగ్గరికి ఒకసారి, చల్లటి చోటికి ఒకసారి నెడతాయి, అంతే. పెద్ద ఇంజన్లలో ఈ పని ఒక తేలికపాటి డబ్బా చేస్తుంది. దాన్ని డిస్‌ప్లేసర్ అంటారు; మనం నెట్టుడు డబ్బా అందాం. పని చేసేది పిస్టన్. రెంటినీ ఒకే ఇరుసుకు పావు చుట్టు తేడాతో తగిలిస్తే గోలీల ఇంజను చక్రమున్న ఇంజనవుతుంది.

నా గోలీల ఇంజను అయిదారు నిమిషాలు చురుగ్గా నడిచి నీరసించేది. మంట చాల్లేదనుకుని వత్తి పెంచాను. మరింత నీరసించింది. అప్పుడు బిరడా చివర పట్టుకుని చూస్తే చెయ్యి చుర్రుమంది. గాజు వేడిని పెద్దగా పాకనివ్వదు గానీ, ప్రతి ఊపులోనూ వేడిగాలి తనే మోసుకొచ్చి అక్కడ దింపిపోతోంది కదా! వెళ్ళే దారి లేక అది అక్కడే పేరుకుంటోంది. వెంటనే ఒక తడిగుడ్డ ముక్క ఆ చివరకు చుట్టాను. ఇంజను లేచి కూచుంది. రెండు నిమిషాల తరవాత ట్యూబు మంట వైపు ఒరిగినప్పుడు గుడ్డలోంచి ఒక నీటిబొట్టు గాజు మీదుగా పాకుతూ పోయి మంట తగిలేచోట పడింది. టప్పుమని చీలిక. గుడ్డను బాగా పిండి చుట్టాలని, గుడ్డకూ మంటకూ మధ్య ట్యూబుకు ఒక నూలుదారం ముడివేయాలని ఆ తరవాత తెలిసింది. బొట్టు దారం దాకా వచ్చి కిందికి రాలిపోతుంది.

బంధించిన గాలిని ఒక చివర వేడిచేస్తూ, ఇంకో చివర చల్లారుస్తూ పని రాబట్టే ఈ ఉపాయానికి 1816లో పేటెంటు తీసుకున్నవాడు రాబర్ట్ స్టర్లింగ్. స్కాట్లండ్‌లో చర్చి పాస్టరు, అప్పటికి వయసు పాతిక. ఆవిరి బాయిలర్లు పేలి కూలీలు చనిపోతుంటే చూడలేక దీన్ని కనిపెట్టాడని ఒక కథ చెబుతుంటారు. కథ బాగానే ఉంది గానీ పేటెంటులో ఆయన ప్రధానంగా చెప్పింది ఇంధనం ఆదా గురించి. దానికోసం ఎకానమైజర్ అనే భాగం పెట్టాడు. వేడిగాలి చల్లటి వైపు పోతూ దారిలో తన వేడిని లోహానికి అప్పగిస్తుంది, తిరిగి వస్తూ తీసుకుంటుంది. గుడి ముందు చెప్పులు వదిలి వెళ్ళి, వచ్చేటప్పుడు మళ్ళీ తొడుక్కున్నట్టు. చల్లటి చివర మీద పడే భారం ఆ మేరకు తగ్గుతుంది. నేటి అభిరుచికారులు అదే పనికి గిన్నెలు తోమే స్టీలు పీచును కూరుతున్నారు.

స్టర్లింగ్ తమ్ముడు జేమ్స్ ఇంజనీరు. డండీలో ఒక ఫౌండ్రీలోని ఆవిరి యంత్రాన్ని 1843లో గాలి ఇంజనుగా మార్చాడు. బొగ్గు బాగానే ఆదా అయింది. కానీ నాలుగేళ్ళలో వేడి సిలిండర్లు మూడుసార్లు దెబ్బతినడంతో 1847లో మళ్ళీ ఆవిరికే పోయారు. అప్పటి పోత ఇనుము ఆ వేడికి ఓర్చుకోలేదు. ఆ అన్నదమ్ములను ఏడిపించింది మంట చివర. ఇవాళ స్టెయిన్‌లెస్ స్టీలు బజార్లో దొరుకుతుంది కాబట్టి మన ఏడుపు రెండో చివరకు మారింది.

గ్లాస్గో విశ్వవిద్యాలయంలో స్టర్లింగ్ ఇంజను నమూనా ఒకటి దుమ్ముకొట్టుకుని పడి ఉండేది. కొత్తగా వచ్చిన యువ ప్రొఫెసర్ విలియం థామ్సన్ చేతికి అది చిక్కింది. 1847లో దాని గురించి అక్కడి ఫిలసాఫికల్ సొసైటీలో మాట్లాడాడు. మరుసటి ఏడాది పరమ ఉష్ణోగ్రతామానం ప్రతిపాదించాడు. తరవాతి కాలంలో ఆయనే లార్డ్ కెల్విన్. బల్లమీది బొమ్మ ఇంజనుతో ఆడుకునేవాళ్ళను చూసి నవ్వేవారికి చెప్పడానికి నా దగ్గరున్న మంచి జవాబు ఇదే.

ఆ కెల్విన్‌లతో ఒక చిన్న లెక్క వేద్దాం. ఏ ఉష్ణయంత్రమైనా తీసుకున్న వేడిలో గరిష్ఠంగా ఎంత భాగాన్ని పనిగా మార్చగలదో ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో 1824లో వేసిన బాటలో తేలింది. చల్లటి చివర ఉష్ణోగ్రతను వేడి చివర ఉష్ణోగ్రతతో భాగించి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేయాలి. రెండూ కెల్విన్‌లలో ఉండాలి, అంటే సెల్సియస్‌కు 273 కలపాలి. వేడి చివర 300 డిగ్రీలు, చల్లటి చివర 30 అనుకుంటే 573, 303. గరిష్ఠ దక్షత 47 శాతం. చల్లటి చివరను పట్టించుకోక 100 డిగ్రీలకు పోనిచ్చామా, అది 35కు పడుతుంది. పోయిన 12 శాతాన్ని మంట పెంచి రాబట్టుకోవాలంటే వేడి చివరను 432 డిగ్రీలకు తీసుకుపోవాలి. ఇక్కడ 70 డిగ్రీలు పోగొట్టుకుంటే అక్కడ 132 డిగ్రీలు చెల్లించాలన్నమాట. వడ్డీ వ్యాపారి కూడా ఇంత దారుణంగా లెక్కగట్టడు. బొమ్మ ఇంజన్లు ఈ గరిష్ఠానికి దరిదాపుల్లోకి రావు, అది వేరే సంగతి. లెక్క ఎటు మొగ్గుతుందో మాత్రం వాటికీ అదే వర్తిస్తుంది.

నా మొదటి లోహపు ఇంజనుకు సిలిండరు చేయించడానికి ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకు వెళ్ళాను.

“మొత్తం అల్యూమినియంలోనే లాగించేద్దాం మేస్త్రీ, మీకూ తేలిగ్గా తెగుతుంది” అన్నాను.

ఆయన నా కాగితం మీది బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇక్కడ మంట పెడతారు, ఇక్కడ చల్లగా ఉండాలంటారు. మధ్యలో అల్యూమినియమే అయితే పాకేయదా సార్? ఇస్త్రీపెట్టెకు పిడి చెక్కతో ఎందుకు పెడతారంటారు?”

నేను నవ్వేసి, చెప్పినట్టు చేయమన్నాను. చేశాడు. ఇంజను నడవలేదు. ఇంటికొచ్చాక సిగ్గుపడుతూ లెక్క వేశాను. 25 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం, 6 సెంటీమీటర్ల పొడవున్న అల్యూమినియం గొట్టానికి ఆ చివరకూ ఈ చివరకూ 270 డిగ్రీల తేడా నిలబెట్టాలంటే ఒక్క గొట్టం గోడలోంచే 140 వాట్ల వేడి పారుతుంది. నా స్పిరిటు దీపం గంటకు 10 గ్రాములు తాగి ఇచ్చే మొత్తమే 75 వాట్లు. అందులోనూ సగం గాలిపాలు. తేడా ఎక్కణ్ణుంచి నిలుస్తుంది? అదే గొట్టాన్ని అర మిల్లీమీటరు మందం స్టెయిన్‌లెస్ స్టీలుతో చేస్తే పారేది మూడు వాట్ల లోపే. స్టెయిన్‌లెస్ స్టీలు ఉష్ణవాహకత్వం అల్యూమినియంలో పదో వంతు కూడా ఉండదు; గాజుది స్టీలుకన్నా ఇంకా తక్కువ.

రెండోసారి వెళ్ళినప్పుడు మేస్త్రి ఏమీ అనలేదు. వేడి చివరకు పిల్లలకు పాలుపోసే చిన్న స్టీలు గ్లాసు తీసుకెళ్ళాను. దాని అంచుకు సరిపడేట్టు అల్యూమినియం సిలిండరు కోసి, మధ్యలో గాస్కెట్ వేసి బిగించాడు. నెట్టుడు డబ్బాకూ గోడకూ మధ్య చుట్టూ ఒక మిల్లీమీటరు సందు వదిలాడు. ఆ సందు ఎక్కువైతే ఉత్తగాలి పేరుకుంటుంది, తక్కువైతే గాలి దూరడానికే ఇంజను శక్తి ఖర్చవుతుంది. డబ్బా కూడా పలచటి రేకుదే కావాలి, లేకపోతే అది వేడిని మోసే వాహనమవుతుంది.

ఇక చల్లార్చడం. పెట్రోలు ఇంజను తన వేడిలో పెద్ద వాటాను సైలెన్సరులోంచి పొగతోపాటు బయటికి ఊదేస్తుంది. మన ఇంజనుకు సైలెన్సరు లేదు. అదే గాలి లోపల తిరుగుతుంది. పనిగా మారని వేడి అంతా చల్లటి చివర గోడలోంచే బయటికి పోవాలి. దీపం నుంచి 30 వాట్లు లోపలికి చేరితే, బొమ్మ ఇంజను చేసే పని మహా అయితే ఒక వాటు. మిగతా 29 వాట్లకూ దారి చూపాలి.

మొదట అందరూ అల్యూమినియం రెక్కలు పెడతారు, మోటారు సైకిలు ఇంజనుకు ఉన్నట్టు. మోటారు సైకిలు పరుగెడుతుంది కాబట్టి ఆ రెక్కలకు గాలి తగులుతుంది. బల్లమీది ఇంజను కూర్చునే ఉంటుంది. అందుకని రెక్కల మధ్య అయిదారు మిల్లీమీటర్లైనా సందుండాలి, రెక్కలు నిలువుగా ఉండాలి. అప్పుడే వేడెక్కిన గాలి పైకి లేచి కింది నుంచి కొత్తగాలి వస్తుంది. ఇంకో పొరపాటు నేను రెండు వారాలు గమనించలేదు. దీపం మీంచి లేచే వేడిగాలి తిన్నగా రెక్కలనే తడుముతూ పోతోంది! మధ్యలో ఒక రేకుముక్క అడ్డం పెట్టగానే వేగం పెరిగింది.

రెక్కలు చాలకపోతే నీళ్ళు. సిలిండరు చుట్టూ తొడుగు చేసి 200 మిల్లీలీటర్లు పోశామనుకోండి. 29 వాట్లు పడుతుంటే ఆ నీళ్ళు నిమిషానికి రెండు డిగ్రీల చొప్పున వేడెక్కుతాయి. ముప్ఫై డిగ్రీల నీళ్ళు అరగంటలో తొంభైకి చేరతాయి. మన పొలాల్లో పాత ఆయిల్ ఇంజన్ల పక్కన పెద్ద నీళ్ళ తొట్టి ఎందుకుండేదో ఇప్పుడు అర్థమవుతుంది. తొట్టిని కాస్త ఎత్తున పెట్టి అడుగున ఒక గొట్టం, పైన ఒక గొట్టం కలిపితే పంపు కూడా అక్కర్లేదు. వేడినీళ్ళు తేలికై పైకి పోతాయి, చల్లటివి కింద చేరతాయి.

కానీ నీళ్ళను వేడెక్కించడం నీళ్ళను వాడుకోవడంలో నాసిరకం పద్ధతి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 4.2 జౌళ్ళు, అదే గ్రాము ఆవిరై పోవాలంటే సుమారు 2,400 జౌళ్ళు. మన 29 వాట్లనూ మోయడానికి గంటకు 45 గ్రాముల లోపు నీళ్ళు ఆవిరైతే చాలు. అంటే చిన్న టీగ్లాసులో సగం. అంచు గిన్నెలో మునిగేట్టు వేలాడే నూలుగుడ్డ ఒకటి, దాని మీద కాస్త గాలి. మట్టికుండలో నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, ఈ సంగతి నాకు చివర్లో తట్టడం విడ్డూరమే.

కరెంటు లేని రోజుల్లో మన దేశంలో కిరోసిన్ దీపం వేడితో తిరిగే గాలి పంకాలు అమ్మేవారు. లోపల ఉన్నది ఈ ఇంజనే. చల్లగాలి కోసం గదిలో దీపం వెలిగించుకోవడమేమిటని నవ్వొస్తుంది గానీ, పంకా లాగేవాడి చేతులతో పోలిస్తే అది మెరుగేనేమో.

టీకప్పు ఇంజను వంశం కొత్తది. 1983లో జాగ్రెబ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఇవో కోలిన్ మరుగునీళ్ళ వేడితో నడిచే ఇంజనును చూపించాడు. నీళ్ళు బాగా చల్లారాక కూడా అది తిరుగుతూనే ఉంది. అమెరికాలో విస్కాన్సిన్‌కు చెందిన గణిత ప్రొఫెసర్ జేమ్స్ సెన్ఫ్ట్ ఆ దారినే పట్టుకుని, అర డిగ్రీ తేడాకే తిరిగే ఇంజను దాకా తీసుకుపోయాడు. అరచేతి వెచ్చదనం దానికి కావలసినదానికన్నా ఎక్కువే. వాటి రహస్యం వెడల్పాటి పలకలు, పొట్టి ఊపు, తేలికపాటి నురుగు డబ్బా, రాపిడి దాదాపు లేని బేరింగులు.

ఇలాంటి ఇంజనును మంచుముక్కల గిన్నె మీద పెట్టి చూడండి. వ్యతిరేక దిశలో తిరుగుతుంది. ఇప్పుడు వేడి చివర పైన ఉంది, గదే మంట. ఇంజనుకు కింద ఏముంది, పైన ఏముంది అన్న పట్టింపు లేదు. పోనీ, చక్రాన్ని మనమే మోటారుతో తిప్పితే? ఒక పలక వేడెక్కి రెండోది చల్లబడుతుంది. హాలండ్‌లో ఫిలిప్స్ కంపెనీ రేడియోలకు కరెంటు ఇచ్చే చిన్న జనరేటర్ల కోసం స్టర్లింగ్ ఇంజను మీద 1930లలో పని మొదలుపెట్టి, ట్రాన్సిస్టర్లు వచ్చి ఆ అవసరం పోయింది గానీ, అదే యంత్రాన్ని తిరగేసి గాలిని ద్రవంగా మార్చే యంత్రాలు అమ్ముకుంది.

కిందటి మేలో రామగుండంలో మా బావమరిది ఇంటికి వెళ్తూ టీకప్పు ఇంజనుకన్నా నాజూకైన దాన్ని, అరచేతి వేడికే తిరిగేదాన్ని, సంచీలో వేసుకెళ్ళాను. వసారాలో 42 డిగ్రీలు, గాలిలో తేమ ఇరవై శాతం. అంత పొడిగాలిలో తడిగుడ్డ 24 డిగ్రీల దాకా దిగగలదు. సముద్రం దగ్గర 36 డిగ్రీలు, తేమ 65 శాతం ఉన్న రోజున అదే గుడ్డ 30 దగ్గరే ఆగిపోతుంది. ఆరు డిగ్రీల తేడా, అందులోనూ పలకకు అందేది సగమే. సముద్రపు తేమ అందే మా విజయవాడలో ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలించకపోవడానికి కారణం అదే.

పై పలక మీద తడిపి పిండిన పాత పంచెముక్క పరిచాను. కింద ఏ కప్పూ లేదు, దీపం లేదు. గాలి తగిలేట్టు రెండు అగ్గిపెట్టెల మీద ఎత్తిపెట్టాను. మూడు నిమిషాలు ఆగి చక్రాన్ని వేలితో తట్టాను. ఒకసారి తటపటాయించి, తిరిగింది.

“బ్యాటరీ ఎక్కడ పెట్టావు బావా?” అని మా బావమరిది దాన్ని ఎత్తి అడుగు చూశాడు.

వడగాలి కొడుతున్న వసారాలో ఆ చక్రం ఇరవై నిమిషాలు తిరిగింది. ఆ తరవాత గుడ్డ అంచులు తెల్లబడుతూ వచ్చాయి, చక్రం మందగించింది. ఆయన లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.